లాకు నీళ్ళలో మూడు గుండెలు

కాకినాడ కాలవ మీద ములగపాడు లాకు దగ్గర పొద్దున్నే మూడు పనులు జరిగేవి. లాజరు చుట్ట ముట్టించేవాడు. ఆ చుట్ట సగం కాలేలోపు ధవళేశ్వరం నుంచి వచ్చే గూటిపడవ బూర ఊదేది. ఇంట్లోంచి దేవకుమారి "ఆ చుట్ట అవతల పారెయ్యి, పడవొచ్చింది" అని కేకేసేది. లాజరు పారేసేవాడు కాదు. ఆర్పి, చెవి మీద పెట్టుకుని వెళ్ళేవాడు.

లాజరు ఆ లాకుకు లస్కరు. తలుపులు తియ్యడం, ముయ్యడం అతని ఉద్యోగం. కాలవ ఎగువన ఎత్తు, దిగువన పల్లం. పడవ నేరుగా దిగలేదు కాబట్టి మధ్యలో రాతితో ఒక తొట్టి కట్టి, అటొక జత, ఇటొక జత చెక్క తలుపులు పెట్టారు. పడవ తొట్టిలోకి వచ్చాక ఎగువ తలుపులు మూస్తారు. దిగువ తలుపుల అడుగునున్న తూము పలకలు చక్రం తిప్పి ఎత్తితే నీళ్ళు మెల్లగా దిగుతాయి, నీళ్ళతో పాటు పడవా దిగుతుంది. అప్పుడు దిగువ తలుపులు తీస్తే పడవ తన దారిన పోతుంది. రోజుకు పది పన్నెండు పడవలకు లాజరు ఇదే పని చేసేవాడు.

ఎగువ తలుపులు మూశాక, పలకలు ఎత్తకముందు, తొట్టిలో నీళ్ళు కాసేపు కదలకుండా నిలబడతాయి. పరలోక ప్రార్థన మొదలుపెట్టి ఆమేన్ దాకా చెప్పుకునేంత సేపు. ఆ సేపట్లో గట్టు మీంచి వంగి చూస్తే నీళ్ళలో మొహం కనిపించదు. గుండె కనిపిస్తుంది. చొక్కా తొడుక్కున్నా, పైట కప్పుకున్నా, శాలువా చుట్టుకున్నా లెక్కలేదు. గుప్పెడంత గుండె, దాని నాలుగు గదులు, నాలుగు తలుపులు, లోపలికీ బయటికీ పోయే నెత్తురు, అన్నీ చేపపిల్లలు కనిపించినంత స్పష్టంగా కనిపిస్తాయి. కొన్ని ఊళ్ళ బావుల్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కొన్ని ఊళ్ళలో పప్పు ఉడకదు. ములగపాడు లాకులో గుండెలు కనిపిస్తాయి. అంతే.

పడవలో వెళ్ళేవాళ్ళు చాలామంది ఓసారి దిగి చూసుకుని, మళ్ళీ వెళ్ళి తమ మూటల పక్కన కూర్చునేవారు. ఒక ప్లీడరు గుమాస్తా తన గుండె చూసుకుని "ఇంతేనా?" అని చిన్నబుచ్చుకున్నాడు. పెళ్ళివారి పడవ వస్తే గట్టంతా జాతరలా ఉండేది. కాలవ నీళ్ళలో ఎవరి గుండెకీ బొట్టు లేదు, ఎవరి గుండెకీ సిలువ లేదు. అందుకని ఎవరిది ఏదో తెలియక గొడవలు పడుతుంటే దేవకుమారి ఒక నియమం పెట్టింది.

"వంతు వంతున రండి. ఒకళ్ళు చూసుకున్నాకే ఇంకొకళ్ళు వంగాలి. రెండు గుండెలు కలిస్తే నేను చెప్పలేను."

చెప్పేది ఆమే. పదిహేనేళ్ళ కిందట పెళ్ళయి ఈ లాకుకు వచ్చిన రోజున తన గుండె తను చూసుకుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. "బాగానే ఉందిలే" అనుకుని వంట చెయ్యడానికి వెళ్ళిపోయింది. ఆ తరవాత గట్టున నిలబడి ఎన్ని వేల గుండెలు చూసిందో ఆమెకే తెలియదు. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదువుకుంది. వైద్యం ఎవరూ నేర్పలేదు. కానీ లస్కరు పెళ్ళానికి తలుపుల సంగతి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సరిగ్గా మూసుకోని తలుపు సందులోంచి నీళ్ళు వెనక్కి చిమ్ముతాయి. సరిగ్గా తెరుచుకోని తలుపు వెనకాల నీళ్ళు పోగుపడి గట్టును ఒత్తుతాయి. లాకులో ఏం జరుగుతుందో గుండెలోనూ అదే జరుగుతుంది.

రాజమండ్రి డిస్పెన్సరీలో ఉండే డాక్టరు జగన్నాథరావు గారికి ఈ సంగతి తెలిశాక పని తేలికయింది. ఆయన చెవుల్లో గొట్టాలు పెట్టుకుని రోగి రొమ్ము మీద వింటాడు. ఏదో తేడా ఉందని తెలుస్తుంది గానీ ఏ తలుపో తేలదు. అప్పుడు ఒక చీటీ రాసి పడవెక్కించేవాడు. దేవకుమారి ఆ చీటీ వెనకాల బొగ్గుతో నాలుగు తలుపులు గీసి, చెడినదాన్ని వంకరగా గీసి, కింద ఒక ముక్క రాసేది. "రెండోది మూసుకోవడం లేదు. వెనక్కి చిమ్ముతోంది." డాక్టరు గారు ఆ చీటీ చూసి మందు ఇచ్చేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ పెద్ద చదువుల పత్రికలు ఉండేవి. "దొరల సీమలో ఎముకలు కనిపించే వెలుగొకటి కనిపెట్టారట" అని ఓసారి లాజరుతో అన్నాడు. "ఎముకలు చూసి ఏం చేసుకుంటారండి?" అన్నాడు లాజరు.

అలా చీటీ పట్టుకుని వచ్చినవాళ్ళలో అచ్చాయమ్మ గారు ఒకరు. కడియం అవతల అరవై ఎకరాల ఆసామీ ఇంటి ఆవిడ, అరవై ఏళ్ళ వితంతువు. లస్కరు ఇంట్లో మంచినీళ్ళు తాగదు. తాగడానికి చెంబుతో తన నీళ్ళు తనే తెచ్చుకుంటుంది. గుండెను మాత్రం దేవకుమారి చేతిలో పెట్టింది. ఎనిమిదేళ్ళ కిందట ఆవిడ గుండెలో ఒక తలుపు మూసుకోవడం లేదని, మెట్లెక్కొద్దని, ఉప్పు తినొద్దని చెప్పారు. అప్పటినుంచి ఆవిడ చప్పిడి కూడు తింటూ, చప్పిడి కూడును తిడుతూ, కాకినాడలో తమ్ముడింటికి వెళ్ళినప్పుడల్లా లాకు దగ్గర దిగి చూపించుకుంటూ బతుకుతోంది.

ఇన్ని గుండెలు చూసిన లాకులో లాజరు గుండె మాత్రం ఎవరూ చూడలేదు. నీళ్ళు నిలబడిన ఆ కాసేపూ అతను కాలవకు వీపు తిప్పి, అవతలి చేలకేసి చూస్తూ నిలబడేవాడు.

ఆ ఏడాది సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి అతనికి ఆయాసం పట్టుకుంది. చక్రం తిప్పితే దగ్గు. తలుపును తిప్పే దూలాన్ని వీపుతో నెట్టి, నెట్టాక దాని మీదే వాలి ఊపిరి తీసుకునేవాడు.

"ఒక్కసారి వంగి చూడవయ్యా. ఊరందరివీ చూస్తున్నాం" అనేది దేవకుమారి.

"చూసి ఏం చెయ్యాలి? అమ్మిరాజు సంగతి గుర్తుందా?"

అమ్మిరాజు లాజరుకు ముందు అక్కడ లస్కరు. అతని నడుం పడిపోయిందని తెలిసిన నెలలోనే కాలవల శాఖ వాళ్ళు అతన్ని తీసేసి, లాకు పక్కనున్న రెండు గదుల పెంకుటిల్లు ఖాళీ చేయించారు. ఉద్యోగం ఉన్నంత కాలమే ఆ ఇల్లు. లాజరు గుండెకు ఏదైనా ఉందని తేలితే లాకు పోతుంది, ఇల్లు పోతుంది, రాజమండ్రి మిషను బోర్డింగులో చదువుకుంటున్న కూతురు రూతు చదువూ పోతుంది.

"తెలియకపోతే జబ్బు లేనట్టేనా?" అనేది ఆమె.

"తెలియనంత కాలం ఇల్లు ఉన్నట్టు."

ఆ మాటకు ఆమె విసురుగా బిందె చంకనెత్తుకుని కాలవ మెట్లు దిగేది. నీళ్ళు ముంచుకుని ఎక్కేటప్పుడు మధ్య మెట్టు మీద బిందె దించి కాస్త ఆగేది. ఈ బిందె మరీ పెద్దది, మార్చాలి, అనుకునేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. పొద్దస్తమానం గట్టు మీద నిలబడితే ఉబ్బవూ? అనుకునేది.

ఏప్రిల్ నెల సగంలో కాలవలు కట్టేస్తారు. ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేసి, పూడిక తీసి, తలుపులకు తారు పూసి, మళ్ళీ జూన్‌లో వదులుతారు. ఆ రెండు నెలలూ పడవలుండవు, నీళ్ళుండవు, కాబట్టి ఎవరి గుండే కనిపించదు. కాలవ కట్టేసే ముందు చివరి పడవ వచ్చే రోజున ఎలాగైనా లాజరు గుండె చూడాలని దేవకుమారి పట్టుపట్టింది. రెండు నెలలు ఆగడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

చివరి పడవలో అచ్చాయమ్మ గారు వచ్చింది. ఆవిడ గట్టెక్కుతుండగానే దేవకుమారి పక్కకు వెళ్ళి ఆవిడ చెవిలో ఏదో చెప్పింది.

"నాకెందుకే మీ మొగుడూ పెళ్ళాల గొడవ?" అంది అచ్చాయమ్మ గారు. కానీ అప్పటికే చేతిలో తాటాకు విసనకర్ర సర్దుకుంటోంది.

లాజరు ఎగువ తలుపులు మూసి, అలవాటుగా వీపు తిప్పాడు. నీళ్ళు నిలబడ్డాయి. అచ్చాయమ్మ గారి చేతిలోంచి విసనకర్ర జారి, రావి ఆకు వాలినట్టు నీళ్ళ మీద వాలింది.

"ఒరేయ్ లాజరూ! నా విసనకర్ర! మా ఆయన చేతులతో అల్లిందిరా అది!"

ఆయన జన్మలో విసనకర్ర అల్లలేదు. లాజరుకది తెలియదు. గబగబా వచ్చి గట్టు అంచున మోకాళ్ళ మీద కూలబడి, చెయ్యి చాచాడు. చెయ్యి అందలేదు. ఇంకా వంగాడు. పడిపోతాడేమోనని దేవకుమారి వెనకనుంచి అతని చొక్కా పట్టుకుని, వీపు మీదుగా తనూ వంగింది. ఏమవుతుందో చూడాలని అచ్చాయమ్మ గారూ పక్కనుంచి వంగింది. ఒకళ్ళు చూసుకున్నాకే ఇంకొకళ్ళు వంగాలన్న నియమం పెట్టిన మనిషి ఆ క్షణాన దాన్ని మరిచిపోయింది.

నీళ్ళలో మూడు గుండెలు కనిపించాయి.

ఒకటి కాస్త దూరంగా, మూసుకోని తలుపుతో, నెత్తురు వెనక్కి చిమ్ముకుంటూ. అది అచ్చాయమ్మ గారిది. దేవకుమారి దాన్ని ఎక్కడున్నా గుర్తుపడుతుంది. మిగతా రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకటి కొత్త గంపలా గట్టిగా ఉంది, నాలుగు తలుపులూ చక్కగా ఆడుతున్నాయి. రెండోదానిలో పైగదికీ కిందగదికీ మధ్యనున్న తలుపు చీలికంత తెరుచుకుని అక్కడే ఆగిపోతోంది. దాని వెనకాల పైగది వరద రోజున ఎగువ కాలవలా ఉబ్బి ఉంది.

"అయ్యో, రూతు నాన్నా!" అంది దేవకుమారి. తనది బాగుందని పదిహేనేళ్ళ కిందటే చూసుకుంది. కాబట్టి చెడింది అతనిదే.

సరిగ్గా అప్పుడే లాజరుకు చుట్ట దగ్గు వచ్చింది. దగ్గిన ప్రతిసారీ ఆ గట్టి గుండె ఎగిరెగిరి పడింది. ఉబ్బిన గుండె అతని దగ్గును పట్టించుకోలేదు. కానీ దేవకుమారి మళ్ళీ "అయ్యో అయ్యో" అనగానే అది బెదిరిన కుందేలులా దడదడలాడింది.

లాజరు మొత్తం చూశాడు. ఆమేన్ చెప్పేంత సేపు అయింది. నీళ్ళు కదిలాయి. మూడు గుండెలూ పోయాయి, మూడు మొహాలు మిగిలాయి.

డాక్టరు గారికి చీటీ రాయాలంటూ దేవకుమారి కళ్ళు తుడుచుకుంటూ ఇంట్లోకి పరిగెత్తింది. "పరిగెత్తకే!" అని అరిచాడు లాజరు. అంత గట్టిగా అతను ఎప్పుడూ అరవలేదు. ఆమె ఆగి, వింతగా చూసి, నడిచి వెళ్ళింది.

అతను దిగువ తలుపు దగ్గర చక్రం తిప్పుతుంటే, పడవలోకి దిగిన అచ్చాయమ్మ గారు నీళ్ళతో పాటు మెల్లగా కిందికి దిగుతూ అడిగింది.

"ఏరా, ఆ ఉబ్బింది నీది కాదు కదూ?"

"మీరూ చూశారా అమ్మగారూ?"

"నాకు చెడింది గుండెరా, కళ్ళు కాదు. దానికి చెప్పు."

"చెబితే వినదండి. మూడేళ్ళ కిందట కీళ్ళ జ్వరంతో మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచిపోతే, గట్టు మీద నిలబడి రోజుకు ఇరవై మందికి చీటీలు రాసిందండి. తన జబ్బంటే దానికి లెక్కే లేదు."

"నీ జబ్బంటే?"

లాజరు చక్రం ఆపి ఆవిడకేసి చూశాడు.

"నీ జబ్బంటే ఊరుకోదు కదా," అంది అచ్చాయమ్మ గారు. "ఆ చీటీ పట్టుకుని నువ్వే వెళ్ళు. రోగం నీదే అనుకోనీ. ఎనిమిదేళ్ళుగా చప్పిడి కూడు తింటున్నదాన్ని చెబుతున్నా, పక్కన ఒకళ్ళు తోడు తింటే ఇంకో ఎనిమిదేళ్ళు తినొచ్చు. ముందు నా విసనకర్ర తియ్యరా, అట్టే పోతోంది."

కాలవ ఎండిపోయింది కాబట్టి లాజరు రాజమండ్రికి ఒంటెద్దు బండి మీద వెళ్ళాడు. డాక్టరు గారు ముందు చీటీ చదివాడు. తరవాత లాజరు రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నాడు. మళ్ళీ చీటీ చూశాడు.

"దేవకుమారి ఎప్పుడూ తప్పు రాయదే!"

"రాత తప్పు కాదండి. మనిషే తప్పు," అని లాజరు జరిగింది చెప్పాడు. మూడేళ్ళ కిందటి కీళ్ళ జ్వరం, ఆమె మెట్ల మధ్యలో ఆగడం, సాయంత్రం పాదాలు ఉబ్బడం, ఈ మధ్య రెండు తలగడలు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోవడం, అన్నీ చెప్పాడు. చెబుతుంటే ఇవన్నీ తను రోజూ చూస్తూనే ఉన్నాడని అతనికి తెలిసింది.

డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ కీళ్ళ జ్వరమే తలుపును పట్టింది. దాన్ని బాగుచేసే విద్య మా దగ్గర లేదు లాజరూ. దాని మీద బరువు తగ్గించగలం. ఉప్పు మానాలి. బరువులెత్తకూడదు, పరిగెత్తకూడదు, మధ్యాన్నం పడుకోవాలి. చుక్కల మందు రోజూ పడాలి. ఇలాగే వదిలేస్తే రెండేళ్ళు. మహా అయితే మూడు."

"జాగ్రత్తగా ఉంటే?"

"ఉంటుందా?"

"నా కోసమైతే ఉంటుందండి."

డాక్టరు గారికి నవ్వొచ్చింది. కాసేపు ఆలోచించి రెండు సీసాలు తెచ్చాడు. పచ్చ సీసాలో అసలు చుక్కల మందు. నల్ల సీసాలో బెల్లం నీళ్ళు, రంగు కోసం కాస్త కరక్కాయ కషాయం. దేవకుమారికి స్వయంగా ఒక ఉత్తరం రాశాడు. చలిజ్వరం వస్తే ఇంటిల్లిపాదికీ క్వినైను పోసినట్టే ఈ జబ్బుకీ ఇద్దరూ మందు పుచ్చుకోవాలని, మగమనిషికి నల్ల సీసా, ఆడమనిషికి పచ్చ సీసా అని, పొరపాటున కూడా తారుమారు చెయ్యొద్దని, ఈ సంగతి కాలవల శాఖ దాకా పోనివ్వనని. "ఇంకొక మాట," అన్నాడు లాజరు లేస్తుంటే. "నీ గుండెకు ఏమీ లేదు. నీ ఆయాసం చుట్టది. మానెయ్యి."

"నిజంగానా అండి?"

"నిజంగానే."

ఇల్లు చేరేదాకా ఎద్దు కన్నా లాజరే ఎక్కువ నిట్టూర్చాడు.

ఆ వేసవి ములగపాడు లాకు మీద దేవకుమారి రాజ్యం నడిచింది. ఉప్పు కుండ అటక మీదికి ఎక్కింది. ఉప్పాడ నుంచి తెప్పించుకున్న ఉప్పుచేపలన్నీ పక్క లాకు లస్కరు భీమరాజు ఇంటికి వెళ్ళాయి. ఒక ఇంట్లో రెండు కూరలెందుకని తనూ చప్పిడిదే తింది.

"గడ్డి తిన్నట్టుంది," అనేవాడు లాజరు.

"గడ్డి తిన్న ఎద్దు బండి లాగడం లేదూ? తిను."

మధ్యాన్నం అతన్ని పడుకోబెట్టేది. ఆమె లేచి చేట పట్టుకుంటే లాజరు కళ్ళు తెరిచేవాడు. "నువ్వు పక్కన లేకపోతే నాకు దడగా ఉంటోందే." ఆమె గొణుక్కుంటూ వచ్చి పడుకునేది. పడుకున్నాక నిద్రపోయేది. అతను లేచి అలికిడి కాకుండా ఆ బియ్యం చెరిగేసేవాడు. రాళ్ళు మిగిలిపోయేవి.

అన్నిటికన్నా కష్టం బిందెతో వచ్చింది. కాలవలో నీళ్ళు లేక, గట్టు కింద తవ్విన చెలమకు వెళ్ళాలి. మొదటి రోజే లాజరు రొమ్ము పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమైంది?"

"నువ్వు బిందె మోస్తుంటే చూడలేకపోతున్నా. ఇక్కడ పట్టేస్తోంది."

"అయితే చూడకు."

"చూడకపోతే ఇంకా పట్టేస్తోంది."

దేవకుమారి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మరి నీళ్ళెవరు తెస్తారు? నువ్వు మొయ్యకూడదు, నేను మోస్తే నువ్వు చూడకూడదు!"

దానికి లాజరు జవాబు ముందే తయారుచేసుకున్నాడు. మరమ్మతుకని ఊడదీసిన తూము పలకల పాత చక్రాన్ని చెలమ ఒడ్డున రెండు కర్రలకు బిగించి, మోకు కట్టాడు. కూర్చుని చక్రం తిప్పితే బిందె దానంతటదే గట్టెక్కేది. ఒక బిందెకు పావుగంట పట్టేది. ఊరివాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళే తరవాత తమ బిందెలూ తెచ్చారు.

పచ్చ సీసా చుక్కలు ఆమె, నల్ల సీసా చెంచాడు అతను, ఎదురెదురుగా కూర్చుని పుచ్చుకునేవారు. ఆమె అతను మింగేదాకా చూసేది. అతను ఆమె మింగేదాకా చూసేవాడు. చుట్ట ఇంటి చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఇరవై రోజులకు లాజరు దగ్గు తగ్గింది. "మందు పనిచేస్తోంది," అని దేవకుమారి దేవుడికి వందనాలు చెప్పుకుంది. లాజరు కూడా ఆమేన్ అన్నాడు, ఆమె పాదాలకేసి చూస్తూ. సాయంత్రమైనా వాటికి వాపు లేదు.

జూన్‌లో నీళ్ళు వదిలారు. ఎర్ర నీళ్ళు నురగలు కక్కుతూ వచ్చి తొట్టి నింపాయి. నాలుగు రోజుల్లో తేరాయి. మొదటి పడవకే దేవకుమారి అతని చెయ్యి పట్టుకుంది.

"రా, చూద్దాం. ఎంత నయమైందో చూడాలి."

"డాక్టరు గారు ఏడాది దాకా చూడొద్దన్నారే. చూసుకుంటే బెదురుతుందట."

"ఏ చీటీలో రాశాడు?"

"నోటితో చెప్పారు."

ఆమె అతని మొహంలోకి చూసింది. లాజరు వీపు తిప్పి, చేలకేసి చూస్తూ నిలబడ్డాడు. కానీ అలా నిలబడ్డ వీపు బెదిరిన మనిషి వీపులా లేదు. మెల్లగా నెట్టమని ఆమె మొత్తుకున్నా ఒక్క ఊపున తలుపు నెట్టి, దూలం మీద వాలకుండా వచ్చిన వీపు అది.

వారం తరవాత ఒక పొద్దున గూటి దగ్గర దీపం తుడుస్తుంటే ఆమెకు చీమలు కనిపించాయి. గోడ వారగా బారు కట్టి గూట్లోకి ఎక్కుతున్నాయి. గూట్లో రెండు సీసాలు పక్కపక్కనే ఉన్నాయి. చీమలు పచ్చ సీసాను చుట్టి వెళ్ళి, నల్ల సీసా మూత మీద ముసురుకున్నాయి. దేవకుమారి నల్ల సీసా మూత తీసి వేలితో నాకి చూసింది. తరవాత పచ్చ సీసా మూత తీసి నాకి చూసింది. ఆ చేదుకు మొహం ముడుచుకుపోయింది.

చీమలను దులిపి, రెండు మూతలూ పెట్టి, దీపం తుడవడం పూర్తి చేసింది.

ఆ రోజు పదిగంటల పడవలో ప్రయాణికులు లేరు. ఇటుకల పడవ. లాజరు ఎగువ తలుపు మూసి, సరంగుతో మాట్లాడుతూ దిగువ తలుపు దగ్గరికి నడిచాడు. గట్టు మీద ఎవరూ లేరు. పదిహేనేళ్ళ తరవాత దేవకుమారి తన కోసం వంగింది. ఒక్కతే.

నీళ్ళలో ఒకటే గుండె కనిపించింది. ఆమె దాన్ని గుర్తుపట్టింది. చివరి పడవ రోజున చూసి ఏడ్చిన గుండే అది. ఆ తలుపు ఇంకా పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఎప్పటికీ తెరుచుకోదని అలాంటివి వందసార్లు చూసిన ఆమెకు తెలుసు. కానీ దాని వెనకాల పైగది వాపు తీసింది. గుండె తొందర పడటం లేదు. ఉన్న సందులోంచే, తడబడకుండా, నెత్తురును నింపాదిగా అవతలికి పంపుతోంది. పని తెలిసినవాడి చేతిలో పాత తలుపు నడిచినట్టు నడుస్తోంది.

ఆమె ఏడవలేదు. ఇంట్లోకి వెళ్ళి చీటీ తీసుకుంది. బొగ్గుతో నాలుగు తలుపులు గీసింది, ఒకటి వంకరగా. కింద రాసింది. "దేవకుమారి, లస్కరు లాజరు భార్య. మూడోది సగం తెరుచుకుంటోంది. నీళ్ళు పోతున్నాయి. పచ్చ సీసా అయిపోవచ్చింది. నల్ల సీసా అక్కర్లేదు." రాజమండ్రి వెళ్ళే పడవవాడికి ఆ చీటీ ఇచ్చి, డాక్టరు గారి చేతికే ఇమ్మని చెప్పింది. తరవాత భీమరాజు ఇంటికి వెళ్ళింది. నడిచే వెళ్ళింది, దారిలో రెండుసార్లు నీడన కూర్చుంది.

మధ్యాన్నం లాజరు కాళ్ళు కడుక్కుంటుండగానే ఆ వాసన వచ్చింది. నిప్పుల మీద కాలిన ఉప్పుచేప వాసన. రెండు నెలలుగా కలలో తప్ప తగలని వాసన. అతను గుమ్మంలో ఆగిపోయాడు.

రెండు పళ్ళేలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో చప్పిడి పప్పు, అన్నం. ఇంకొకదాంట్లో అన్నం మీద కాల్చిన ఉప్పుచేప, పక్కన చిటికెడు ఉప్పు. ఆ రెండోది అతను కూర్చునే పీట ముందు ఉంది.

"ఇదేంటే?"

"ఉప్పుచేప. మరిచిపోయావా?"

"డాక్టరు గారు..."

"నీ గుండెకేం కాదులే. తిను."

లాజరు పీట మీద కూర్చున్నాడు. ఆమె మొహంలోకి చూడటానికి ధైర్యం చాలక గూటికేసి చూశాడు. నల్ల సీసా అక్కడ లేదు. దేవకుమారి పచ్చ సీసా తీసుకుని, మూత తిప్పి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చుక్కలు లెక్కపెట్టుకుంటోంది. ఎవరూ చూడాల్సిన పని లేకుండా మింగింది. తన చప్పిడి అన్నం కలుపుకుంది.

"ఎప్పుడు చూశావు?" అన్నాడు లాజరు.

"ఇటుకల పడవప్పుడు."

"కోపమా?"

"బియ్యంలో రాళ్ళు వదిలేశావు. దానికి కోపం." ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, ఆమె చెయ్యి చాచి అతని చేపలోంచి ముల్లు తీసి పక్కన పెట్టింది. "మధ్యాన్నం పడుకుంటాను. నువ్వు పడుకోకపోయినా పరవాలేదు. బిందె చక్రం అలాగే ఉండనీ."

లాజరు తల ఊపాడు. చేప సగం తినేసరికి ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచిగా ఉన్నప్పుడే అడగాలనుకున్నాడు.

"మరి నా గుండెకేం లేదు కదా. ఒక్క చుట్ట..."

"అడక్కు."

ఆ తరవాత పద్నాలుగేళ్ళు అతను రోజూ అడిగాడు. పద్నాలుగేళ్ళూ ఆమె ఇవ్వలేదు.